సహారాకు తలుపులు లేవు

మా అన్న కొడుకు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు వాడి కోచింగ్ నోట్సు తిరగేస్తుంటే ఒక బొమ్మ కనపడింది. ఆఫ్రికా పటం, పైభాగంలో అడ్డంగా సహారా, దానికి రెండు తలుపులు. తలుపులు తెరిచి ఉన్న బొమ్మ కింద ‘తడి కాలం - వలస’, మూసి ఉన్న బొమ్మ కింద ‘పొడి కాలం - వలస లేదు’ అని రాసి, చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నాడు. ‘ఇంతేనా రా?’ అన్నాను. ‘ఇంతే చిన్నాయనా, ఒక్క మార్కే కదా’ అన్నాడు. ఆ రాత్రి వాడికీ నాకూ పదకొండు దాకా నడిచింది. వాడు నిద్రపోయాక నా దగ్గర మిగిలిపోయిన వాదన ఇది.

నేను శాస్త్రవేత్తను కాను. అనంతపురం జిల్లావాణ్ణి, బ్యాంకులో ముప్పై ఏళ్ళు పని చేసి రిటైరయ్యాను, ఈ పాతకాలపు వలసల గురించి చదవడం నాకో పిచ్చి. ఎవరైనా ‘వాన పడింది కాబట్టి వచ్చారు, వాన పోయింది కాబట్టి పోయారు’ అని తేల్చేస్తే మాత్రం ఊరుకోబుద్ధి కాదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లాలో పుట్టినవాడికి ఆ మాటలో ఏదో తేడా కొడుతుంది.

ముందు ఆ నోట్సులో నిజం ఎంతో చెప్పాలి, ఎందుకంటే చాలానే ఉంది. సహారా ఎప్పుడూ ఎడారిగానే లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కొంచెం కోలగా ఉంటుంది కాబట్టి ఏడాదిలో ఒకసారి సూర్యుడికి దగ్గరగా, ఒకసారి దూరంగా వస్తుంది, రెండిటికీ తేడా 50 లక్షల కిలోమీటర్లు. ఆ దగ్గరి రోజు ఇప్పుడు జనవరి మొదటి వారంలో, సంక్రాంతి ముందు చలిలో పడుతోంది. కానీ భూమి అక్షం బొంగరం తల ఊపినట్టు ఊగుతుంది, కోలగా ఉన్న ఆ దారి కూడా మెల్లగా తిరుగుతుంది, ఈ రెండూ కలిసి ఆ రోజును క్యాలెండర్‌లో జరుపుకుంటూ పోతాయి. ఒక చుట్టు పూర్తవడానికి సుమారు 21,000 ఏళ్ళు. పది, పదకొండు వేల ఏళ్ళ కిందట అది ఉత్తరార్ధగోళపు వేసవి మధ్యలో పడింది. అప్పటి వేసవి ఎండ ఇప్పటికన్నా 7, 8 శాతం ఎక్కువ. నేల ఎక్కువ కాలితే దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీంచి తడిగాలి వచ్చి పడుతుంది. జూన్ మొదటి వారంలో మనం కేరళ వైపు చూస్తూ కూర్చునే నైరుతి వెనకున్న సంగతీ ఇదే, ఆ కాలంలో మన రుతుపవనాలు కూడా బలంగానే ఉండేవి. అక్కడ అట్లాంటిక్ తడిగాలి వందల కిలోమీటర్లు ఉత్తరానికి పోయి, ఇప్పుడు చుక్క పడని చోట కురిసింది. వాన పడితే గడ్డి, గడ్డి ఉంటే దుమ్ము లేవదు, నేలలో తడి నిలుస్తుంది, ఆ తడి మళ్ళీ వానకే పనికొస్తుంది. 1981లో జాన్ కుట్జ్‌బాక్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త 9,000 ఏళ్ళ కిందటి కక్ష్య లెక్కలు కంప్యూటర్ మోడల్లో పెట్టి ఈ సంగతి చూపించాడు.

అంటే 14,500 ఏళ్ళ కిందటి నుంచి దాదాపు 5,000 ఏళ్ళ కిందటి దాకా, నడుమ చిన్నాపెద్దా ఎండుకాలాలు పోను, మూడు భారతదేశాలకు కొంచెం తక్కువ విస్తీర్ణం ఉన్న ఆ ఇసుక నేల గడ్డి మైదానం. అదీ మొదటిసారి కాదు. మధ్యధరా సముద్రం అడుగున పేరుకున్న మట్టి పొరలను బట్టి, గత 80 లక్షల ఏళ్ళలో ఇలాంటి పచ్చ కాలాలు 230కి పైగా వచ్చాయని లెక్క.

సహారా దక్షిణపు అంచున ఉన్న చాద్ సరస్సు విస్తీర్ణం అప్పట్లో సుమారు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే 2 లక్షల 75 వేలు. మనం మొత్తం మునిగిపోయినా ఇంకా చోటు మిగిలే సరస్సు అన్నమాట. 1987లో నైజీరియాలో దుఫునా అనే ఊరి దగ్గర ఒక పశువుల కాపరి బావి తవ్వుకుంటుంటే, ఐదు మీటర్ల లోతున గట్టిగా ఏదో తగిలింది. తీస్తే పడవ. ఒకే మాను తొలిచి చేసింది, ఎనిమిది మీటర్లకు పైగా పొడవు, సుమారు 8,000 ఏళ్ళ నాటిది. ఆఫ్రికాలో దొరికిన అన్నిటికన్నా పాత పడవ అదే. నీళ్ళ కోసం తవ్వుతుంటే పడవ తగలడం! మా ఊళ్ళో బోరు వేస్తే ఎనిమిది వందల అడుగుల కింద దుమ్మొస్తుంది, పడవ సంగతి దేవుడెరుగు.

ఇంతవరకూ మావాడి నోట్సుతో నాకు పేచీ లేదు. పేచీ ఆ తలుపు దగ్గర.

ఆ బొమ్మ గీసినవాళ్ళ ఉద్దేశం ఏమిటంటే, మనిషి ఆఫ్రికాలో పుట్టాడు, కింద ఉన్నాడు, సహారా పచ్చబడినప్పుడల్లా తలుపు తెరుచుకుని పైకొచ్చాడు, ఎండినప్పుడు బయట పడ్డవాడు బయట, లోపల ఉన్నవాడు లోపల. శాస్త్రవేత్తలు దీన్ని సహారా పంపు అంటారు, తడికి పీల్చి ఎండకు బయటకు నెడుతుంది కాబట్టి. దీనికి సాక్ష్యం లేదని కాదు. దాదాపు 1,25,000 ఏళ్ళ కిందట సహారా, దాన్ని ఆనుకుని అరేబియా కూడా బాగా తడిగా ఉన్నాయి. ఇజ్రాయెల్లోని స్ఖూల్, కాఫ్జే గుహల్లో మనలాంటి మనుషుల ఎముకలు 1,20,000 నుంచి 90,000 ఏళ్ళ నాటివి దొరికాయి. సౌదీలోని నెఫూద్ ఎడారిలో, ఎండిపోయిన ఒక సరస్సు అడుగున, ఏనుగుల అడుగుల పక్కనే మనుషుల అడుగులు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఆ చోట నిలబడితే కనుచూపు మేర ఇసుకే. పచ్చకాలం లేకపోతే ఆ అడుగులు పడేవి కావు, ఒప్పుకుంటాను.

కానీ వాళ్ళు మన పూర్వీకులు కారు, లేదా మన రక్తంలో వాళ్ళ వాటా దాదాపు లేదు. ఈ రోజు ఆఫ్రికా బయట ఉన్న మనుషులందరి వంశం, మనతో సహా, ప్రధానంగా 50, 60 వేల ఏళ్ళ కిందట బయటపడిన ఒక గుంపుది అని జన్యువులు చెబుతున్నాయి. (మన జ్వాలాపురంలో, పాత కర్నూలు జిల్లాలో, ఇండొనేషియాలో 74,000 ఏళ్ళ కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిదకు పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయని 2007లో వచ్చినప్పుడు నేను తెగ సంబరపడ్డాను. అవి మనలాంటి మనుషులు చేసినవా, వేరే జాతి మనుషులు చేసినవా అన్న పేచీ ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి దాన్ని పక్కన పెడతా.) మరి అసలైన ఆ పెద్ద ప్రయాణం జరిగినప్పుడు తలుపు తెరిచి ఉందా? 2017లో జెస్సికా టియర్నీ అనే శాస్త్రవేత్త బృందం, ఆఫ్రికాకూ అరేబియాకూ నడుమ ఉన్న ఏడెన్ సింధుశాఖ అడుగు మట్టిలో, పాతకాలపు ఆకుల మీది మైనం పరీక్షించి చూసింది. ఆకు మైనంలోని హైడ్రోజన్ ఆనాటి వాన ఎంతో చెబుతుంది. 70,000 ఏళ్ళ కిందటికల్లా ఆ ప్రాంతం తడి నుంచి ఎండుకు తిరిగిందట. మనవాళ్ళు బయలుదేరిన కాలం ఇప్పటికన్నా చలిగా, ఇప్పటికన్నా పొడిగా ఉందట. నోట్సు ప్రకారం తలుపు గట్టిగా మూసి ఉండాల్సిన కాలంలోనే మనిషి గడప దాటాడు.

ఇది చెప్పగానే మావాడు, ‘అయితే ఎండిపోయి తిండి లేక బయటికి పారిపోయారు’ అన్నాడు. చూశారా, తలుపు పీకేస్తే వెంటనే దాని చోట కొరడా పెట్టాడు. పచ్చగా ఉంటే పిలిచింది, ఎండితే తరిమింది. రెండింటిలోనూ మనిషి చేసేదేమీ లేదు.

కరువు నాకు తెలుసు కాబట్టి ఒక్క మాట. మా ఊళ్ళో శెనక్కాయ ఎండిపోయిన ఏడు అందరూ బెంగుళూరు బస్సెక్కలేదు. అక్కడ ముందే బావమరిదో మేస్త్రీనో ఉన్నవాడు ఎక్కాడు. ఎద్దులు అమ్మి చేతిలో నాలుగు రూపాయలు పెట్టుకున్నవాడు ఎక్కాడు. ఏమీ లేనివాడు ఊళ్ళోనే ఉండి ఇంకా చితికిపోయాడు. వాన లెక్క అందరికీ ఒకటే, కానీ ఎవరు కదిలారో ఎవరు ఆగారో ఆ లెక్క చెప్పదు. వేల ఏళ్ళ కిందటి మనుషులకు మాత్రం అది సరిపోతుందని ఎందుకనుకోవాలి?

సరే, తలుపు బార్లా తెరిచి ఉన్నప్పటి సంగతి చూద్దాం. ఈ మధ్య నన్ను బాగా కుదిపింది ఇదే. లిబియా నైరుతి మూల తద్రార్త్ అకాకుస్ కొండల్లో తకర్కోరి అనే రాతి చరివు ఉంది, కొండ రాయి ముందుకు వాలి కింద నీడ ఉన్న చోటు. అక్కడ 7,000 ఏళ్ళ కిందట పాతిపెట్టిన ఇద్దరు ఆడవాళ్ళ శరీరాలు, వాటంతటవే ఎండి నిలిచాయి. 2025లో వాళ్ళ జన్యువులు చదివారు. ఏడు వేల ఏళ్ళ కిందట అంటే పచ్చ సహారా ఇంకా పచ్చగా ఉన్న కాలం, దక్షిణాది జనమూ ఉత్తరాది జనమూ కలగాపులగంగా ఉండాల్సిన కాలం. తీరా చూస్తే ఆ ఆడవాళ్ళది సహారా దక్షిణాన ఉన్నవాళ్ళ నుంచి దాదాపు 50,000 ఏళ్ళ కిందటే విడిపోయి, అప్పటి నుంచి చాలావరకు వేరుగానే ఉండిపోయిన వంశం. వాళ్ళకు దగ్గరి చుట్టాలు మొరాకోలోని తఫొరాల్ట్ గుహలో 15,000 ఏళ్ళ కిందట బతికినవాళ్ళు. అన్ని వేల ఏళ్ళు గడ్డీ నీళ్ళూ ఉన్నాయి, దారికి అడ్డం లేదు, అయినా పెద్దగా రాకపోకలు జరిగిన గుర్తు లేదు.

ఇద్దరి శరీరాలతో ఖండం చరిత్ర తేల్చకూడదు, నిజమే. రేపు ఇంకో కొండ చరివులో ఇంకో కథ దొరకొచ్చు. కానీ ఇంకో సంగతి గమనించండి. అదే తకర్కోరిలో దొరికిన కుండ పెంకుల్లో పాల కొవ్వు ఇంకి ఉందని 2012లో తేలింది. గొర్రెలూ మేకలూ ఆఫ్రికావి కావు, పశ్చిమాసియా నుంచి వచ్చాయి, ఆవుల సంగతీ ఎక్కువగా అంతే. అంటే ఆవు వచ్చింది, పాలు పితకడం వచ్చింది, కుండలో కాచడం వచ్చింది, కానీ వాటితో పాటు మనుషులు గుంపులుగా వచ్చిన గుర్తు ఆ ఆడవాళ్ళ రక్తంలో అంతగా లేదు. పక్కవాణ్ణి చూసి నేర్చుకున్నారు. పచ్చదనం వల్ల అక్కడ నడిచింది మనుషుల కన్నా పనులు. ఈ సంగతి తలుపు బొమ్మలో ఎక్కడ గీస్తారు?

ఇక ఎండు కాలం. ఇది మొదలయ్యింది ఎలా అన్నదాని మీదే రెండు మాటలున్నాయి. 2000లో పీటర్ డిమెనొకల్ బృందం పశ్చిమ ఆఫ్రికాలోని మారిటేనియా తీరానికి ఎదురుగా సముద్రం అడుగు మట్టి తీసి చూస్తే, సుమారు 5,500 ఏళ్ళ కిందట సహారా దుమ్ము కొన్ని వందల ఏళ్ళలోనే ఒక్కసారిగా పెరిగిపోయి కనపడింది. దానితో ‘సహారా ఉన్నట్టుండి ఎండిపోయింది’ అన్న మాట పాకిపోయింది, వాట్సాప్ వీడియోల్లో అయితే రాత్రికి రాత్రే ఎండిపోయింది. 2008లో స్టెఫాన్ క్రోపెలిన్ బృందం చాద్ దేశం ఉత్తరాన యోవా సరస్సు అడుగున ఏడాదికో పొరగా పేరుకున్న మట్టి చదివి, కాదు, చెట్లూ పోయి గడ్డీ పోయి ఇసుక రావడానికి వేల ఏళ్ళు పట్టింది అంది. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే సహారా ఒక ఊరు కాదు. ఎత్తున ఉన్న చోటొకటి, భూగర్భ జలం ఊరే పల్లమొకటి, ఒక్కొక్కటీ ఒక్కో వేళకు ఎండింది.

ఎండడం తిన్నగా కూడా జరగలేదు. నైజర్ దేశంలో టెనెరే ఎడారి అంచున గోబెరో అనే చోటు ఉంది. 2000లో పాల్ సెరెనో అనే ఆయన డైనోసార్ ఎముకల కోసం పోతే మనుషుల ఎముకలు కనపడ్డాయి, సుమారు 200 సమాధులు. ఒకప్పటి చెరువు గట్టు అది. మొదట ఉన్నవాళ్ళు బాగా పొడగరులు, ఈటెలతో పెద్ద పెద్ద చేపలు పట్టినవాళ్ళు. తర్వాత చెరువు ఎండి సుమారు వెయ్యేళ్ళు అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ నీళ్ళొచ్చాక వేరే మనుషులొచ్చారు, అదే గట్టు మీద, ముందువాళ్ళ సమాధుల పక్కనే తమవాళ్ళనూ పాతుకున్నారు. వాళ్ళలో ఒక స్త్రీ, ఆమెకు ఎదురుగా ఇద్దరు పిల్లలు, చేతులు ఒకరివొకరు పట్టుకున్నట్టు పడుకోబెట్టారు, కింద పుప్పొడి దొరికింది కాబట్టి పూలు పరిచి ఉంటారంటారు. ఇంకో చిన్నపిల్ల దండచేతికి నీటి ఏనుగు దంతంతో చేసిన కడియం ఉంది. ఇప్పుడు ఆ చోట నీటి ఏనుగు అంటే జోకు.

నైలు సంగతి అందరూ చెప్పేదే కాబట్టి తొందరగా ముగిస్తా. సహారా ఎండితే అక్కడివాళ్ళు నైలు లోయకు చేరారు, వాళ్ళ వల్లే ఈజిప్టు పుట్టింది అంటారు. క్రోపెలిన్, రుడాల్ఫ్ కూపర్ 2006లో వేసిన లెక్కల్లో ఆ జరుగుడు కనపడుతుంది కూడా, ఎడారిలో జనం ఉన్న గుర్తులు తగ్గేకొద్దీ నైలు పక్క పెరుగుతాయి. ఈజిప్టు దక్షిణాన ఉన్న అబూ సింబెల్‌కు పడమర నబ్తా ప్లాయా అనే ఎండిన చెరువు దగ్గర రాళ్ళు నిలబెట్టి, ఆవులను భక్తిగా పాతిపెట్టినవాళ్ళకూ తర్వాతి ఈజిప్టు ఆవు దేవతలకూ చుట్టరికం ఉండొచ్చు. కానీ ఈజిప్టు తిన్న గోధుమ, బార్లీ మాత్రం తూర్పు నుంచి, పశ్చిమాసియా నుంచి వచ్చాయి. ఎడారి జనాన్ని నదికి చేర్చి ఉండొచ్చు, కంచంలో అన్నం మాత్రం అది పెట్టలేదు.

నాకు దీనికన్నా దక్షిణం వైపు కథ ఇష్టం, అది చెప్పేవాళ్ళు తక్కువ. పచ్చకాలంలో ఆవుల మందలు దక్షిణానికి పోలేకపోయాయి. ఎందుకంటే తడి ఉన్న చోట పొదలు, పొదలున్న చోట సెట్సీ ఈగ, అది కుడితే పశువుకు వచ్చే రోగంతో మంద మొత్తం పడిపోతుంది. అంటే దక్షిణానికి పోయే దారి మూసిందే పచ్చదనం. ఎండు పెరిగేకొద్దీ ఈగల పట్టీ కిందికి జరిగింది, దాని వెనకే గొడ్లను తోలుకుంటూ మనుషులు జరిగారు. ఎండిపోవడమే వాళ్ళకు బాట వేసింది. తూర్పున కెన్యాలోనూ అంతే, టుర్కానా సరస్సు కుంచించుకుపోతున్న రోజుల్లోనే, సుమారు 5,000 ఏళ్ళ కిందట, అక్కడికి మందలు చేరాయి. చేరిన తొలి కాపరులు లొతగామ్ అనే చోట రాతి స్తంభాలు నిలబెట్టి, కింద కనీసం 580 మందిని పాతారు. సరస్సు తగ్గిపోతుంటే భయపడి పరుగెత్తేవాళ్ళు కట్టే కట్టడం కాదది. నిలబడి, నలుగురినీ కూడగట్టి, తరాల తరబడి కట్టుకున్నది.

పడమరన ఇంకో పని జరిగింది. మాలి ఉత్తరాన తిలెమ్సీ లోయ, ఇప్పుడు ఎండు వాగు. సుమారు 4,500 ఏళ్ళ కిందట అక్కడి మనుషులు కుండలు చేసేటప్పుడు మట్టి పగలకుండా ఊక కలిపారు, మనవాళ్ళు గోడ మట్టిలో కలిపినట్టే. కుండ కాలినప్పుడు ఊక మాడిపోయింది, దాని అచ్చు మాత్రం పెంకులో ఉండిపోయింది. ఆ అచ్చులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అది సజ్జల పొట్టు. అందులోనూ గింజ గుత్తికి తొడిమ ఉంది. ఆ తొడిమలోనే ఉంది అంతా. అడవి సజ్జ పండగానే కంకి నుంచి తనంతట తాను రాలిపోతుంది, దానికి రాలడమే బతుకు. మనిషి ఏటా కోసుకొచ్చి, రాలకుండా కంకికే అంటుకున్న గింజలనే మళ్ళీ విత్తనానికి వాడుతూ పోతే, కొన్ని తరాలకు రాలని సజ్జ తయారవుతుంది. అలాంటి గింజకు తొడిమ గట్టిగా మిగులుతుంది. జన్యువుల లెక్క కూడా ఆ మాలి, మారిటేనియా ఉత్తర భాగాన్నే చూపిస్తోంది, దాదాపు 4,900 ఏళ్ళ కిందట. తేదీలు చూడండి. సహారా ఎండుతున్న సరిగ్గా ఆ వందల ఏళ్ళలో, ఆ అంచున, ఎవరో ఆడవాళ్ళు (ఎందుకో ఆడవాళ్ళే అని నా నమ్మకం, సాక్ష్యం అడక్కండి) కొద్దిపాటి వానకే పండే గింజను చేత్తో ఏరి తయారు చేసుకున్నారు. ఎండు వాళ్ళకు ఆ అవసరం తెచ్చి ఉంటుంది, గింజను ఏరింది మాత్రం వాళ్ళే. అదే ఎండు ఉన్న ఎన్నో చోట్ల ఆ పని జరగలేదు.

ఆ గింజ వాళ్ళ కన్నా దూరం నడిచింది. దక్షిణాన ఘనా దాకా పోయింది. ఇటు తూర్పున సముద్రం దాటి మన వైపు వచ్చింది, సుమారు 3,500 ఏళ్ళ కిందటికల్లా కర్ణాటకలోని హల్లూరులో సజ్జ గింజలున్నాయి. జొన్నదీ దాదాపు అదే కథ, అది సూడాన్ తూర్పు భాగం నుంచి. మా వైపు సద్దలంటాం, సద్ద రొట్టె, సద్ద సంకటి. మా అమ్మ అయితే ఇది మన తాతముత్తాతల గింజ అనేది, కరువు గింజ అని కూడా అనేది. రెండు మాటలూ తప్పు కాదు, తాతలు ఎవరన్నదే కొంచెం సవరించుకోవాలి.

పొద్దున మావాడు లేచి, సద్ద రొట్టె ఉల్లికారంలో ముంచుకుని తింటూ, రాత్రి విన్నదంతా ఒకసారి బుర్రలో తిప్పుకున్నట్టున్నాడు. ‘అయితే చిన్నాయనా, పరీక్షలో అదే ప్రశ్న వస్తే ఏం పెట్టాలి?’ అన్నాడు. నాలుగు ఆప్షన్లు చదివి వినిపించాడు. ఏదీ సరిగ్గా లేదు. ‘తలుపే పెట్టరా, మార్కు పోగొట్టుకోవద్దు’ అన్నాను. ‘మరి రాత్రి అంతసేపు...’ అంటూ ఇంకో రొట్టె తీసుకున్నాడు.